దూదేకులోళ్ళ ఇంట్లో రెండో విల్లు

కమాన్ అనే మాట మా గుడుపల్లె వైపు రోజూ చెవిన పడేదే. గ్రానైట్ బండలు ఎత్తిన లారీ గుంతలో దిగి కుంటితే 'కమాన్ కట్ట ఇరిగింది సామీ' అంటాడు డ్రైవరు. దర్గా ముందర వంపు తిరిగిన గుమ్మం కమాను. కచేరీలో ఫిడేలు మీద ఆడించే పుల్ల కూడా కమానే. ఇవన్నీ ఒకే ఫార్సీ మాట బిడ్డలు. కమాన్ అంటే విల్లు. తీర్ అంటే బాణం, తీరందాజ్ అంటే విలుకాడు, తర్కష్ అంటే అంబులపొది, కమాన్‌గర్ అంటే విల్లు చేసే కారీగర్. లారీల లెక్కలు రాసే మున్షీ పని నాది. ఇన్నేళ్ళు కమాన్ కట్టల బిల్లులు రాసిన చేత్తో 2024లో నిజం కమాన్ ఒకటి చేశాను, కొయ్యతో, నా పన్నెండేళ్ళ బేటీ కోసం. ఆ హునర్ గురించీ, అది చేస్తుంటే మా ఇంట్లో కదిలిన ఒక పాత షరమ్ గురించీ రాయాలనిపించింది.

మేం దూదేకులోళ్ళం. ప్రభుత్వం జాబితాలో బీసీ-బీ కింద దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని వరసగా పేర్లుంటాయి. మొదటి మూడూ ఒకే పని పేర్లు. లద్దాఫ్ అనేది అరబ్బీ నద్దాఫ్ మన నోళ్ళలో నలిగి అయిన మాట. అర్థం దూది ఏకేవాడనే. 922లో బగ్దాద్‌లో ప్రాణం తీసిన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అన్నా దూదేకేవాడే. ఉత్తరాదిలో ఈ పేషా బిరాదరీ అందుకే తమను మన్సూరీలని చెప్పుకుంటుంది. మన వైపు ఆ ఇజ్జత్ మాకు దక్కలేదు. సాయిబుల దావత్‌లో కూర్చుంటే 'ఉర్దూ రాదు, వీళ్ళేం ముసల్మాన్లు' అని ఒక చూపు. ఊళ్ళో నడిస్తే 'టంయ్ టంయ్' అని పిల్లలు వెనకపడటం. రెండు పక్కలా మేం కొంచెం తక్కువే.

మా నాయనను నేను నాయనా అంటాను. నా కూతురు నన్ను అబ్బా అంటుంది, ఆయన్ను దాదా అంటుంది. మా ఆవిడ వాళ్ళింట్లో దక్నీ మాట్లాడతారు, అందుకే ఈ ఫర్క్. ఉర్దూ నేను నేర్చింది పెళ్ళయ్యాకే, షౌక్‌తో. నాయన మాత్రం తెలుగు తప్ప ఇంకో జుబాన్ ఎత్తడు. ఆయన ముప్పై ఏళ్ళు పల్లె పల్లె తిరిగి దూది ఏకినాడు. ఏకుడు మిషన్లు వచ్చాక పరుపుల అంగడి పెట్టినాడు. ఫోమ్ పరుపులు వచ్చాక అదీ మూసినాడు. అప్పటినుంచి పేషా పేరు ఇంట్లో ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. విల్లు మాత్రం పశువుల కొట్టంలో దూలానికి వేలాడుతూనే ఉంది. అమ్మలేదు, పొయ్యిలో పెట్టలేదు, దించనూ లేదు.

ఆ విల్లు చూడని వాళ్ళకోసం చెప్తాను. మనిషంత పొడుగు బరువైన దుంగ. ఒక కొసన వెడల్పాటి పలక. ఈ కొస నుంచి ఆ కొసకు మేక పేగుతో పేనిన నరం బిగించి ఉంటుంది. పై కప్పుకు ఒక చిన్న వెదురు విల్లు కట్టి, దానికి ఈ పెద్ద విల్లును వేలాడదీస్తారు. నరాన్ని దూదిలో ముంచి, రెండు వైపులా లావుగా ఉండే కొయ్య పిడితో కొడతారు. నరం అదిరి దూది పింజెలు పింజెలుగా విడిపోయి పైకి లేస్తుంది. గింజల తుక్కూ, దుమ్మూ కిందికి రాలతాయి. చిత్రమేమంటే ఈ పెద్ద విల్లు అసలు వంగదు. వంగకూడదు కూడా. వంగితే నరం వదులైపోతుంది. అది వీణకు దండి ఉన్నట్టే. వంగే పని పైనున్న చిన్న వెదురుది, అది దుంగ బరువును తాను మోసి చేతికి తేలిక చేస్తుంది. బాణమేసే విల్లుకు మొత్తం కథ తిరగబడుతుంది. అక్కడ తాడు ఊరికే ఒక తాడు. బలమంతా కొయ్యలో దాగుతుంది.

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు కొట్టింది. మా పిల్ల ఫోన్లో ఆ వీడియోలు చూసి చూసి, 'అబ్బా, నాకూ ఒక కమాన్' అనింది. సురేఖ చేతిలోది కాంపౌండ్ విల్లు. కొసల్లో చక్రాలుంటాయి, తీగలు అడ్డంగా తిరుగుతాయి, గురి చూసే అద్దం ఉంటుంది. నా జీతంలో ఆ సరుకు ముట్టుకునే హిసాబ్ కుదరదు. ఆమె అడిగింది కూడా అది కాదు. 'మన కొట్టంలో ఉంది కదా, దాంతో ఎయ్యలేమా?' అనింది.

నాయన గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. 'వద్దు తల్లీ,' అన్నాడు. 'ఆ విల్లు పేరు చెప్పే మనల్ని ఎక్కిరించినారు. ఇప్పుడు నువ్వు ఇంకో విల్లు పట్టుకుని ఈదిలోకి పోతావా?'

ఆ పూట ఇంట్లో అందరం ఖామోష్ అయిపోయాం. నాకు మాత్రం ఒక జిద్దు పట్టుకుంది. పిల్ల చేతికి ఏమి విరాసత్‌గా పోవాలి, దూలానికి వేలాడే దుంగా, దాని చుట్టూ పేరుకున్న షరమా? మూడోది ఏదో ఒకటి ఉండాలి.

మొదట కొయ్య. మా ఆచారి పాత విల్లును దించి గోటితో తట్టి చూశాడు. 'ఏమప్పా సాయిబు, అరవై ఏళ్ళ మాను. ఎండి రాయయింది. దీన్ని చీల్చి చెక్కితే నీ పని అయిపోతాది కదా?' అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ దూలానికే ఎక్కించాం. వంగకుండా ఉండటం కోసం ఎంచిన దుంగ అది. దానితో వంగే పని చేయించడం కొయ్యకూ, దాన్ని ఎంచిన మనిషికీ ఇన్సాఫ్ కాదనిపించింది.

నల్లమల చెంచుల విల్లు వెదురుది. ఇంగ్లండు వాళ్ళ పాత విల్లు యూ చెట్టుది. హిందుస్తాన్‌లో విల్లుకు ధామన్ కొయ్యకు పేరుంది. మొఘల్ సిపాహీల కమాన్ వేరు, అందులో కొయ్య నడిమి పొర మాత్రమే. కడుపు వైపు గేదె కొమ్ము, వీపు వైపు జంతువుల నరం అంటించి చేసేవాళ్ళు. అంత కారీగరీ నా వల్ల కాదు. మా దగ్గర దొరికేది ఏమిటని చూస్తే కళ్ళ ముందే ఉంది. కుప్పం, పలమనేరు, మదనపల్లె చుట్టూ పట్టుపురుగుల కోసం మల్బరీ వేస్తారు కదా, అదే. ఉర్దూలో షహ్‌తూత్ అంటాం. జలంధర్ వైపు హాకీ స్టిక్కులు చేసేది ఈ కొయ్యతోనే. వంగుతుంది, తొందరగా విరగదు, దెబ్బను తాను మింగుతుంది. అమెరికాలో విల్లులకు పేరుబడ్డ ఓసేజ్ ఆరెంజ్ చెట్టు కూడా ఈ ఖాందాన్‌దే.

ఆకు కోసం వేసిన మల్బరీని ఎప్పటికప్పుడు కత్తిరిస్తారు కాబట్టి అది పొదలాగే ఉంటుంది. విల్లుకు పనికొచ్చే పొడుగు రాదు. మా పక్క రైతు ఒకాయన తోట తీసేసి టమాటా పెడుతున్నాడు. బావి గట్టున కత్తెర పడకుండా మానై పెరిగిన చెట్టు ఒకటి ఉంటే అడిగాను. 'కొట్టుకో అన్నా, మోటారు రూముకు అడ్డమే' అన్నాడు. జనవరి నెల. చేతి మణికట్టు కంటే కొంచెం లావు, ఐదున్నర అడుగుల తిన్నటి కొమ్మ దొరికింది. ఆచారి ఇనప మేకులు వరసగా దిగ్గొట్టి నిలువునా రెండుగా చీల్చాడు. లోపల పసుపు కొమ్ములాగ పచ్చగా ఉంది. గాలి తగిలేకొద్దీ ఆ పసుపు తేనె రంగుకు తిరుగుతుంది.

పచ్చి కొయ్య కొసల నుంచి ముందు ఆరిపోయి పగులుతుంది. అందుకని చీల్చిన గంటలోపే కొసలకు పెయింట్ పూశాం. ఆకారం మోటుగా చెక్కి, అమ్మ పాత చీరలో చుట్టి, ఎండ తగలని అటక మీద పెట్టాం. ప్రతి జుమా రోజు దించి ఇంటి కాటా మీద తూచి గోడ మీద రాసేది మా పిల్ల. రెండు కిలోల వంద గ్రాములతో మొదలై వారం వారం దిగుతూ పోయింది. బక్రీద్ నాటికి కిలోన్నర దగ్గర ఆగింది. తూకం దిగడం ఆగిందంటే కొయ్యలో నీళ్ళు ఎంత పోవాలో అంత పోయాయని. రెండు చీలికల్లో ఒకటి ఆరుతూ పురి తిరిగింది. అదే చెట్టు, అదే కొమ్మ, అదే అటక. ఒకటి వంకర, ఒకటి తిన్నన. కొయ్య నసీబ్ అది.

ఇక చెక్కుడు. విల్లులో మన వైపు ఉండేది కడుపు, బాణం పోయే వైపు ఉండేది వీపు. లాగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. సాగే వైపు ఒక్క పోగు తెగినా అక్కడే విరుగుతుంది. అందుకే వీపును ఉలితో ముట్టరు. బెరడు మాత్రం గాజు పెంకుతో గీకి, కింద చెట్టు ఎట్లా పెరిగిందో అట్లానే వదిలేస్తారు. గుంతా మిట్టా ఉన్నా సరే. తీసేదంతా కడుపు వైపే. నడుమ పిడి దగ్గర లావు, కొసలకు పోయేకొద్దీ సన్నం. మా పిల్ల చెయ్యి చాచి లాగితే ఇరవై నాలుగు అంగుళాలు వస్తుంది. దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ ఉండాలని లెక్క. మేం ఇంకా నిదానంగా పోదామని యాభై ఎనిమిది అంగుళాలు ఉంచాం. విల్లు ఎంత పొడుగైతే కొయ్య మీద భారం అంత తక్కువ.

ఒకచోట కొమ్మ మొలిచిన కన్ను ఉంది. పోగులు దాని చుట్టూ నీళ్ళు రాయిని చుట్టుకుని పారినట్టు తిరిగి పోయినాయి. ఆచారి అక్కడ పెన్సిలు పెట్టి, 'దీని పక్కన రవ్వంత లావు వదిలెయ్యి. తిన్నగా కొయ్యాలని చూడొద్దు, అది యా పక్క పోతే ఆ పక్కే పో' అన్నాడు.

అసలు మెహనత్ తర్వాత మొదలవుతుంది. ఇంగ్లీషులో టిల్లరింగ్ అంటారు, వంపు సరిచూసుకోవడం. కొట్టం గోడకు ఒక కొయ్య మేకు కొట్టి విల్లు పిడిని దానికి ఆనించాం. కింద కప్పీ, కప్పీ గుండా తాడు, తాడుకు పాత పేపర్లు కొనేవాళ్ళ దగ్గరుండే కొక్కెం కాటా. దూరంగా నిలబడి తాడు లాగితే రెండు రెక్కలూ ఎట్లా వంగుతున్నాయో కనిపిస్తుంది, ఎంత బరువు పడుతోందో కాటా చెప్తుంది. ఎక్కడ బిర్రుగా ఉందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టి, కడుపు వైపు గాజు పెంకుతో నాలుగు సార్లు గీకాలి. ఎక్కువ వంగే చోట చెయ్యి పెట్టకూడదు. గీకిన ప్రతిసారీ ముప్పై సార్లు మెల్లగా లాగి వదలాలి. కొయ్యకు కొత్త సంగతి తెలియడానికి అంత టైము పడుతుంది. మాకు కావలసింది తొమ్మిది కిలోల బిగువు, అంటే ఇరవై పౌన్లు. చివరికి ఎంత బరువు కావాలో, మొదటి రోజు నుంచీ అంతకు మించి ఒక్కసారి కూడా లాగకూడదు. ఇదొక్కటే గట్టి ఉసూల్.

అసర్ నమాజ్ అయ్యాక కూర్చుంటే మగ్రిబ్ దాకా ఈ పనే. పిల్ల తాడు లాగేది, నేను గీకేవాణ్ణి. పదకొండు రోజులు పట్టింది. నేల మీద రాలిన పొట్టు చూస్తే గుప్పెడు కూడా లేదు. సబ్ర్ అనే మాటను ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నానో. దాని తూకం ఒక గుప్పెడు కొయ్యపొట్టు అని అక్కడ తెలిసింది.

నాయన ఈ పదకొండు రోజులూ అటు తిరిగే కూర్చున్నాడు. పొద్దున్నే లేచి చూస్తే మాత్రం విల్లు మేం పెట్టిన చోట ఉండేది కాదు, ఒక జానెడు అటో ఇటో జరిగి ఉండేది.

పన్నెండో రోజు తాడు కట్టాం. నైలాన్ సాగుతుంది, పనికిరాదు. చెప్పులు కుట్టే గట్టి పాలిస్టర్ దారం పద్నాలుగు పోగులు తీసి, తేనె మైనం పట్టించి, రెండు పాయలుగా పేనాను. విల్లు వంచి తాడు ఎక్కించాక పిల్ల వేలితో మీటింది. టంయ్ అని మోగింది.

నాయన వెనక్కి తిరిగాడు. 'ఒక పోగు వదులుండాది,' అన్నాడు.

చూస్తే ఏమీ కనబడలేదు. 'మళ్ళీ మీటు' అన్నాడు. మీటింది. 'చూడు, చివర్లో జుమ్మంటాండాది. పోగులన్నీ ఒకటిగా బిగిస్తే జుమ్మనదు. దించి ఇట్లియ్యి.' తాడు తీసుకుని, ఒక కొస బొటనవేలికి తగిలించుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళతో నలుపుతూ పోయాడు. మధ్యలో ఆగి, పాయ విప్పి, ఒక పోగును పట్టి లాగాడు. మళ్ళీ పేనాడు. ఈసారి ఎక్కించి మీటితే మోత సాఫ్‌గా, పొట్టిగా వచ్చింది. ముప్పై ఏళ్ళు నరం మోత వింటూ రోజీ సంపాదించిన చెవి. దానికి కాటా అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. బాణం లేకుండా విల్లు లాగి వదలకూడదు. బాణంలోకి పోవాల్సిన బలమంతా తిరిగి కొయ్య మీదే పడి విల్లు విరుగుతుంది. అది విని నాయన నవ్వాడు. పేషా మాట వచ్చిన చోట ఆయన నవ్వడం నేను అదే చూడటం. 'మన విల్లు జిందగీ అంతా బాణం లేకుండానే కదరా మోగింది' అన్నాడు.

బాణాలకు కుప్పంలో మేదరోళ్ళ దగ్గర సన్నటి వెదురు పుల్లలు తెచ్చి, నిప్పు సెగ మీద తిన్నగా చేసి, వెనక మూడేసి ఈకలు అంటించాం. ముందు మొనకు ఇత్తడి తొడుగు. గురికి ఏం పెట్టాలనేదే మిగిలింది. పాత ఫోమ్ పరుపు ముక్కలు గోనెలో కుక్కుదామన్నాను. నాయన లేచి కొట్టంలోకి పోయాడు. పెద్ద విల్లును ఆయనే దించాడు. మేక పేగు నరం ఎప్పుడో కొరుక్కుపోయింది, మా దగ్గర మిగిలిన పాలిస్టర్ దారమే దానికీ పేని బిగించాడు. ఇంట్లో గడ్డకట్టిపోయిన రెండు బూరుగుదూది దిండ్లూ, ఒక పాత పత్తి పరుపూ విప్పించి, మూతికి తుండు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఊపిరితిత్తులకు ఆ దుమ్ము మంచిది కాదు. మా ఆవిడ 'వద్దు మామూ' అని మొత్తుకుంది. ఒక అరగంట వినలేదు. తర్వాత పిడి పిల్ల చేతికిచ్చి, తాను దూరంగా జరిగి కూర్చుని, ఎట్లా కొట్టాలో చెప్పాడు. నరాన్ని దూది మీద ఆడించాలి గానీ దూదిని నరంతో కొట్టకూడదట.

ఆ మోత వీధి దాకా పోయింది. పిల్లలు గోడెక్కి చూశారు. ఎవరూ ఎక్కిరించలేదు. వాళ్ళకు ఆ మోత అంటే ఏమిటో తెలియదు, ఎక్కిరించడానికైనా తెలిసుండాలి కదా. ఇదేదో బ్యాండా అంకుల్ అని అడిగారు. నాకు దిల్‌లో సంతోషమూ, ఇంకేదో కూడా కలిసి వచ్చాయి. షరమ్ పోయిందనుకుంటే దాంతోపాటు యాద్ కూడా పోయింది ఊరికి.

ఇప్పుడు ఆ కమాన్ మా ఇంట్లో తలుపు వెనక కొయ్య మేకుకు ఉంటుంది. వాడిన వెంటనే తాడు దించాలి, లేకపోతే కొయ్య వంపుకే అలవాటు పడుతుంది. నెలకోసారి ఆముదం పట్టించి తుడుస్తాం. పిల్ల పదిహేను మీటర్ల నుంచి ఏస్తుంది, పదింట్లో ఆరు మూటకు తగులుతాయి. మూట వెనక చెరువు గట్టు ఉంది కాబట్టి తప్పినవి మట్టిలో దిగుతాయి. ఏసేముందు బిస్మిల్లా అంటుంది, ఏశాక దాదా వైపు చూస్తుంది. ఆయన బాణం ఎక్కడ పడిందో చూడడు. తాడు మోత విని 'సరిపోయింది' అనో, 'చెయ్యి వణికింది' అనో అంటాడు. చాలాసార్లు ఆయన మాటే నిజమవుతుంది.

మీలో ఎవరికైనా ఈ షౌక్ ఉంటే నా సలహా ఒకటే. కొయ్యకు టైము ఇవ్వండి, వీపును ముట్టకండి, కన్ను దగ్గర లావు వదలండి. ఇంట్లో దూలానికో అటక మీదో పాత పనిముట్టు ఏదన్నా ఉంటే దాన్ని చీల్చి కొత్తది చేయకండి. దించి, దుమ్ము దులిపి, వాడిన మనిషి బతికుండగానే ఆయన చేతికివ్వండి. పోయిన నెల స్కూల్లో మా పిల్లను మీ వాళ్ళది ఏం పని అని అడిగారట. దూదేకుల అని చెప్పిందట. అంటే ఏమిటని టీచరమ్మ అడిగితే, కమాన్ పని అనిందట. నాయనకు ఈ మాట చెప్పాను. కాసేపు ఊరుకుని, 'రెండు కమాన్లు అని చెప్పమను' అన్నాడు.